పెరట్లో చిన్న విద్యుత్కేంద్రం

పిల్లలూ! ఎండాకాలంలో గాలివాన ఎలా వస్తుందో మధిర ప్రాంతంలో ఉండేవారికి నేను చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నమంతా నిప్పులు చెరిగిన ఆకాశం సాయంకాలానికి ఉన్నట్టుండి నల్లబడుతుంది. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలమీద పట్టాలు కప్పటానికి అందరూ పరిగెత్తుతారు. దుమ్ము లేస్తుంది, మామిడికాయలు టపటపా రాలుతవి, ఎక్కడో ఒక వేపకొమ్మ ఫెళ్ళున విరిగి కరెంటు తీగలమీద పడుతుంది. అంతే, ఊరు ఊరంతా చీకటి!

కాస్సేపటికి ఆ చీకట్లో అక్కడక్కడా దీపాలు కనబడతవి. కొన్ని ఇళ్ళలో చప్పుడు లేకుండానే దీపం వెలుగుతుంది. అక్కడ బాటరీ, ఇన్వర్టరు ఉన్నవన్నమాట. ఆస్పత్రుల్లో, పెద్ద దుకాణాల్లో, పెళ్ళిమంటపాల్లో ముందు ఘుర్రుమని చప్పుడు వినిపించి, ఆ తరవాత దీపాలు వస్తవి. అది జనరేటరు. దాన్ని ఇళ్ళలో పెట్టించుకునేవారు కూడా ఉన్నారు. ఈ నెల మనం ఆ చప్పుడుచేసే యంత్రాన్ని గురించీ, దాన్ని ఇంటికి ఎలా కలపాలో, ఎలా కలపరాదో తెలుసుకుందాం. ఈ వ్యాసం అమ్మకూ నాన్నకూ కూడా చదివి వినిపించండి. ఇందులో కొన్ని సంగతులు మీకన్న వారికే ఎక్కువ అవసరం.

ముందొక చిక్కుప్రశ్న. జనరేటరుకు ఒక సాకెట్టు ఉంటుంది. మన ఇంటి గోడకూ ఒక సాకెట్టు ఉంది. రెండు కొసలా ప్లగ్గులున్న తీగ ఒకటి తయారుచేసి, ఒక ప్లగ్గు అక్కడా, ఇంకొకటి ఇక్కడా గుచ్చితే ఇల్లంతా వెలుగుతుందా?

వెలుగుతుంది! వచ్చిన చిక్కల్లా అదే. వెలగకపోతే ఆ పని ఎవరూ చెయ్యరు. అలా వెలిగించిన రాత్రి ఒక మనిషి ప్రాణం పోవచ్చు. ఆ మనిషి మన ఇంట్లో ఉండడు, మనకు కనిపించడు. ఎక్కడో పొలాలమధ్య, వానలో తడుస్తూ, మన కరెంటు బాగుచెయ్యటానికే స్తంభమెక్కి ఉంటాడు. ఇదెలా జరుగుతుందో తెలియాలంటే కరెంటు మన ఇంటికి వచ్చే దారి తెలియాలి.

మన అడవుల అంచుల్లో కరెంటుకు కావలసినవన్నీ ఉన్నవి. ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వటం 1889 లోనే మొదలయింది. పాల్వంచ దగ్గర కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రం 1966 లో పనిచెయ్యసాగింది. అందులో మొదట పెట్టిన యంత్రాలు ఒక్కొక్కటి 60 మెగావాట్లవి. 2018 లో అక్కడే పెట్టిన ఒకే ఒక యంత్రం 800 మెగావాట్లది! పాత యంత్రాలు అరిగిపోయి మూతపడినవి. ఎన్నో ఏళ్ళు దూరానికి కనబడుతూ వచ్చిన వాటి ఎనిమిది చల్లార్పు గోపురాలను 2024 ఆగస్టులో కూల్చేశారు. మణుగూరు దగ్గర భద్రాద్రి విద్యుత్కేంద్రం ఉంది. ఇంకా లోపలికి, మోతుగూడెం దగ్గర సీలేరు నీటితో కరెంటు తీస్తారు. మోతుగూడెం 2014 దాకా ఖమ్మం జిల్లాలోదే, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది.

అయితే పాల్వంచ కరెంటు తిన్నగా మధిరకు వస్తుందనుకోకండి. పది వాగుల నీరు ఒకే చెరువులో పడ్డట్టు, అన్ని కేంద్రాల కరెంటూ ఒకే పెద్ద అల్లికలో పడుతుంది. దాన్నే గ్రిడ్డు అంటారు. చెరువు పెద్దదైనకొద్దీ మంచిదే, కాని దానికి గండి పడితే ముంపు కూడా పెద్దదే. 2012 జులై 30 న ఉత్తరభారతపు గ్రిడ్డు కుప్పకూలింది. మర్నాడు మళ్ళీ కూలి, ఉత్తరాన, తూర్పున, ఈశాన్యాన సుమారు 60 కోట్లమంది ఉండేచోట కరెంటు లేకుండా పోయింది. రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయినవి. మన దక్షిణాది దీపాలు మాత్రం ఆరలేదు. ఏమంటే అప్పటికి దక్షిణాది గ్రిడ్డు మిగిలిన దేశంతో ఒకే తాళంమీద నడవటం లేదు, అది విడి చెరువు. 2013 డిసెంబరు 31 న రాయచూరు-షోలాపూరు లైనుతో అదీ వచ్చి కలిసింది. ఇప్పుడు దేశమంతా ఒకే తాళం. ఈ తాళం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దానితో పనుంది.

ఇలాంటి మహా చీకట్లు అరుదు. మన ఊళ్ళో కరెంటు పోవటానికి కారణం సాధారణంగా చివరి నాలుగు మైళ్ళలోనే ఉంటుంది. చెరువు నిండా నీళ్ళున్నా పిల్లకాలవకు గండి పడితే మన మడి ఎండుతుంది గదా! సబ్‌స్టేషను నుంచి 11,000 వోల్టుల తీగలు చేలగట్లమీదుగా వస్తవి. మన వీధి మొదట్లో ఉండే ట్రాన్స్‌ఫార్మరు ఆ వోల్టులను సుమారు నలభై ఎనిమిదో వంతుకు తగ్గించి, 230 వోల్టులుగా మన ఇంటికి పంపుతుంది. గాలివానకు తెగేవి ఈ తీగలే.

ఇప్పుడు జనరేటరు కడుపులో ఏమున్నదో చూద్దాం. మైకేల్ ఫారడే అనే ఆయన ఒక కమ్మరి కొడుకు. లండనులో పుస్తకాలు బైండు చేసేచోట పనికి కుదిరి, బైండుకు వచ్చిన పుస్తకాలే చదువుకుని శాస్త్రజ్ఞుడయ్యాడు. 1831 లో ఆయన ఒక ఇనప కడియానికి రెండువైపులా విడివిడిగా రాగితీగ చుట్టాడు. ఒక చుట్టలో కరెంటు పెట్టిన క్షణానా, తీసేసిన క్షణానా రెండో చుట్టలో కరెంటు మెరిసింది! రెండు తీగలూ ఒకదానికొకటి తగలనే లేదు. తరవాత చుట్టలోకి అయస్కాంతం దూర్చినా, బయటికి లాగినా కరెంటు పుట్టింది. ఊరికే ఉంచితే పుట్టలేదు. అంటే తీగ దగ్గర అయస్కాంతశక్తి మారుతూ ఉండాలి, అంతే. పాల్వంచ యంత్రమైనా, పెళ్ళిమంటపం వెనక ఘుర్రుమనేదైనా ఈ ఒక్క కిటుకుమీదే నడుస్తవి. అక్కడ తిప్పేది ఆవిరి, ఇక్కడ తిప్పేది పెట్రోలో డీజిలో.

ఎంత వేగంగా తిప్పాలి? మన దేశంలో కరెంటు సెకండుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అయస్కాంతానికి రెండు ధ్రువాలే ఉంటే, ఒక చుట్టుకు ఒక ఊపు. అంటే సెకండుకు 50 చుట్లు, నిమిషానికి 3,000. చిన్న జనరేటర్లు చాలావరకు ఈ వేగంతోనే తిరుగుతవి. నాలుగు ధ్రువాలు పెడితే సగం వేగం చాలు. పెద్ద డీజిలు యంత్రాలు 1,500 చుట్లతో తాపీగా తిరగటానికి కారణం ఇదే. జనరేటరు నడుస్తూండగా ఎవరైనా మోటారు వేస్తే దాని గొంతు ఒక్కసారి దిగి మళ్ళీ లేస్తుంది, విన్నారా? కరెంటు ఎక్కువ లాగేకొద్దీ తిప్పటం బరువవుతుంది. అప్పుడు గవర్నరు అనే సాధనం ఇంజనుకు ఇంకాస్త పెట్రోలు వదిలి వేగాన్ని నిలబెడుతుంది.

మీరు చెయ్యదగిన ప్రయోగం ఒకటుంది. పాడైన ఆటబొమ్మలనుంచి రెండు చిన్న మోటార్లు తియ్యండి. ఒకదానికి టార్చిలైటు సెల్లు కలిపితే అది తిరుగుతుంది. సెల్లు తీసేసి, రెండు మోటార్ల తీగలూ ఒకదానితో ఒకటి కలపండి. మొదటి మోటారు ఇరుసుకు దారం చుట్టి, బొంగరం వేసినట్టు చురుగ్గా లాగండి. రెండోది కూడా చటుక్కున కదులుతుంది! ఈసారి రెండోదానికి దారం చుట్టి లాగండి. మొదటిది కదులుతుంది. కరెంటు తీసుకునేదే కరెంటు ఇవ్వగలదు. ఇటునుంచి అటు వెళ్ళినది అటునుంచి ఇటూ రాగలదు. ఈ ప్రయోగం సెల్లుతోనే చెయ్యాలి సుమా! గోడ సాకెట్టు దగ్గరికి పోరాదు.

ట్రాన్స్‌ఫార్మరు కూడా అలాంటిదే. ఫారడే కడియమే పెద్దదై, నూనెలో మునిగి, స్తంభమెక్కి కూర్చుంది. ఇది పై ఒడ్డు, ఇది కింది ఒడ్డు అని దానికి తెలియదు. 11,000 వోల్టుల వైపునుంచి కరెంటు వస్తే సుమారు నలభై ఎనిమిదో వంతుకు తగ్గించి మనకిస్తుంది. అదే మన ఇంటివైపునుంచి 230 వోల్టులు వెళితే? వాటిని సుమారు నలభై ఎనిమిది రెట్లు చేసి, ఇంచుమించు పదకొండువేల వోల్టులుగా చేలమీది తీగల్లోకి ఎక్కిస్తుంది!

రెండు ప్లగ్గుల తీగతో జరిగేది ఇదే. జనరేటరు కరెంటు ఇంట్లో దీపాలు వెలిగించి ఊరుకోదు. మీటరు దాటి, వీధి తీగల్లో పడి, ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి, చచ్చిన తీగలకు ప్రాణం పోస్తుంది. ఆ తీగ పట్టుకున్న మనిషి ప్రాణం తీస్తుంది.

మీలో తెలివైనవాళ్ళు ఇక్కడొక మాట అడగవచ్చు. "అంత చిన్న యంత్రం వీధి వీధంతటికీ కరెంటు ఇవ్వగలదా? బరువు మొయ్యలేక ఆగిపోదూ?" అని. మంచి ప్రశ్న. చాలాసార్లు అలాగే ఆగిపోతుంది కూడా. కాని గాలివానకు తీగ మన ఇంటి పక్క స్తంభం దగ్గరే తెగితే? మన ఇల్లూ, ఆ తెగిన ముక్కా మాత్రమే మిగిలితే? అప్పుడు మొయ్యటానికి బరువే లేదు. జనరేటరు హాయిగా నడుస్తూ ఉంటుంది. ఆ తెగిన ముక్క అతకటానికే గదా లైన్‌మన్ వచ్చేది! పదకొండువేల వోల్టులు కానక్కర్లేదు, తడిసిన మనిషికి 230 వోల్టులు చాలు.

లైన్‌మన్ మాత్రం కళ్ళు మూసుకుని ఎక్కుతాడా? ఎక్కడు. ముందు సబ్‌స్టేషనుతో మాట్లాడి, లైను ఆపినట్టు మాట తీసుకుంటాడు. దాన్ని "లైన్ క్లియర్" అంటారు. మధిర స్టేషనులో రైలును పంపే ముందు ముందరి స్టేషనునుంచి తీసుకునేది కూడా లైన్ క్లియరే. రెండుచోట్లా అర్థం ఒకటే, ఈ దారిలో ఇంకెవరూ రావటంలేదని. తరవాత స్విచ్చి తెరిచి, తీగలో కరెంటు లేదని పరీక్షించి, పనిచేసే చోటికి రెండువైపులా ఎర్తురాడ్లు తగిలించి తీగలను భూమికి కలుపుతాడు. దొంగచాటుగా కరెంటు వచ్చినా భూమిలోకి పోవాలని ఈ ఏర్పాటు. కాని సబ్‌స్టేషను వారు ఇచ్చిన మాట సబ్‌స్టేషను కరెంటుకే చెల్లుతుంది. మన పెరట్లో పుట్టిన కరెంటు సంగతి వారికేం తెలుసు? వానలో, చీకట్లో, నాలుగు ఊళ్ళవాళ్ళు ఫోనుమీద ఫోను చేస్తూండగా పనిచేసే మనిషికి ఇంకొక ఆపద మనం కల్పించటం ఏమి న్యాయం?

ఆ తీగతో ఇంకో ముప్పు ఉంది. ఒక కొస గుచ్చి ఉండగా రెండో కొస ఊడివస్తే, ఆ ప్లగ్గు మొనల్లో కరెంటు ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకునేది మీరో, మీ తమ్ముడో. పోనీ, ఏమీ జరగలేదు, అసలు కరెంటే తిరిగివచ్చిందనుకోండి. అప్పుడు తాళం సంగతి వస్తుంది. కోలాటంలో అందరూ ఒకే తాళానికి కర్ర వేస్తారు. తాళం తెలియని మనిషి మధ్యలో దూరితే కర్ర వేళ్ళకు తగులుతుంది. మన జనరేటరు సెకండుకు 50 ఊపులే ఊగుతున్నా, గ్రిడ్డు ముందుకు ఊగేటప్పుడు అది వెనక్కు ఊగుతూ ఉండవచ్చు. దేశమంతటి యంత్రాలూ ఒకవైపు, పెరట్లో యంత్రం ఒకవైపు. ఏది కాలిపోతుందో చెప్పాలా?

దీనికి విరుగుడు చాలా చిన్న సాధనం. దాని పేరు ఛేంజోవర్ స్విచ్చి. రైలు స్టేషనులో పట్టాలు రెండుగా చీలేచోట పాయింట్లు చూశారుగదా? అవి బండిని ఈ దారినైనా పంపుతవి, ఆ దారినైనా పంపుతవి, ఒకేసారి రెండు దారులా పంపలేవు. ఈ స్విచ్చి కూడా అంతే. పిడి ఒకవైపు తిప్పితే ఇల్లు వీధి కరెంటుకు కలుస్తుంది. రెండోవైపు తిప్పితే జనరేటరుకు కలుస్తుంది. మధ్యలో పెడితే రెంటికీ కలవదు. లోపలి రేకులు ఒకే ఇరుసుమీద ఉంటవి కనక, మతిమరుపు మనిషి తిప్పినా తొందరమనిషి తిప్పినా జనరేటరూ వీధితీగా కలిసే ప్రసక్తి లేదు. మనిషి జాగ్రత్తమీద ఆధారపడని సాధనమే మంచి సాధనమని నా అభిప్రాయం. "మెయిన్ స్విచ్చి కట్టేసి ప్లగ్గు గుచ్చుతాం, మాకు ఎప్పుడూ మరుపు రాదు" అనేవారి మాట నమ్మకండి.

పెట్టించేటప్పుడు పెద్దలు రెండు సంగతులు చూడాలి. ఒకటి, ఆ స్విచ్చి ఫేజు తీగతోపాటు న్యూట్రలు తీగను కూడా మార్చేదై ఉండాలి. ఒక ఫేజు ఇంటికి రెండు ధ్రువాలది, మూడు ఫేజుల ఇంటికి నాలుగు ధ్రువాలది. న్యూట్రలు కలిసే ఉంటే దాని ద్వారా కరెంటు వీధిలోకి పోవటానికి ఇంకా ఒక సందు మిగిలినట్టే. రెండు, ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియను చెయ్యాలి, విద్యుత్ సంస్థ వారి కార్యాలయంలో ముందుగా చెప్పాలి. ఖమ్మం జిల్లాకు కరెంటు పంచేది వరంగల్లు కేంద్రంగా ఉన్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ. తెగిపడిన తీగ కనబడితే ఫోను చెయ్యవలసిన నంబరు 1912. ఈ నంబరు మీరు కూడా కంఠతా పట్టండి.

ఇన్వర్టరు ఉన్నవారికి ఈ బాధ చాలావరకు లేదు, దాని లోపల మార్చే సాధనం ముందే ఉంటుంది. కప్పుమీద సూర్యఫలకాలు పెట్టుకున్న వారు కొందరు, "ఎండ మండిపోతున్నది, అయినా వీధిలో కరెంటు పోగానే మా ఫలకాలు కూడా ఎందుకు పనిచెయ్యవు?" అని విసుక్కుంటారు. ఇప్పుడు మీరు జవాబు చెప్పగలరు. గ్రిడ్డుకు కలిసిన సూర్యఫలకాల ఇన్వర్టరు, వీధిలో కరెంటు లేదని తెలిసిన మరుక్షణం తనంతట తాను ఆగిపోయేట్టు చేశారు. స్తంభమెక్కిన మనిషి కోసమే!

ఎంత జనరేటరు కొనాలి? ఇది లెక్కల ప్రశ్న. ఆరు ఎల్‌ఇడి బల్బులు తొమ్మిదేసి వాట్ల చొప్పున 54. నాలుగు పాతరకం ఫాన్లు 75 చొప్పున 300. టీవీ 100. మొత్తం 454. ఫ్రిజ్జు నడిచేటప్పుడు 150 అనుకుందాం. అంటే 604 వాట్లు, కిలోవాటు యంత్రం చాలునని మీరంటారు. చాలదు! ఆగిన ఎడ్లబండిని కదిలించటానికి ఎడ్లు ఎంత గుంజుతవో చూశారుగదా, కదిలాక అంత బలం అక్కర్లేదు. మోటారూ అంతే. ఫ్రిజ్జు మోటారు బయలుదేరే క్షణాన అయిదారు రెట్లు లాగవచ్చు, అంటే 900 వాట్లదాకా. 454 కు 900 కలిపితే 1,354. జనరేటరుమీద వేసే అంకె వాట్లు కాదు, కె.వి.ఎ. సాధారణంగా అందులో పదింట ఎనిమిది వంతులు వాట్లుగా లెక్క వేసుకోవచ్చు. 2 కె.వి.ఎ. యంత్రం 1,600 వాట్లు ఇస్తుంది, సరిపోతుంది. బావి మోటారు కూడా కావాలంటే లెక్క మారిపోతుంది. ఒక హార్స్‌పవరు మోటారు నడిచేటప్పుడు ఇంచుమించు 1,000 వాట్లు, బయలుదేరేటప్పుడు 5,000 లాగవచ్చు. మంచినీళ్ళు ముందే టాంకులో పట్టి ఉంచుకోవటం చవక. మీ ఇంటి లెక్క మీరే వేసి నాన్నకు చూపించండి.

ఇక ఇంటి తీగలకు కాపలా. తీగలో ఎక్కువ కరెంటు పారితే అది వేడెక్కి పైతొడుగు కాలుతుంది. పూర్వం ఈ కాపలా ఫ్యూజు తీగ కాసేది. తాను కరిగి ఇల్లు కాపాడేది. అది మాటిమాటికీ పోతున్నదని లావుపాటి రాగితీగ చుట్టేవారు కొందరుండేవారు. కాపలావాణ్ణి కట్టేసి దొంగకు తలుపు తీసినట్టు! 1924 లో జర్మనీలో హ్యూగో స్టోట్జ్ అనే ఆయన, కరిగిపోకుండా టక్కున విడిపోయి మళ్ళీ పైకెత్తితే పనిచేసే స్విచ్చికి పేటెంటు పొందాడు. ఇప్పుడు మన ఇళ్ళలో ఎమ్‌సిబి అనే చిన్న స్విచ్చిలు ఆ వంశంవే. వాటిలో ఇద్దరు కాపలావాళ్ళు ఉంటారు. రెండు లోహాలు అతికిన రేకు ఒకటి, కరెంటు కొద్దిగా ఎక్కువై వేడెక్కితే మెల్లిగా వంగి విడదీస్తుంది. తీగచుట్ట ఒకటి, కరెంటు ఒక్కసారిగా విరుచుకుపడితే అయస్కాంతమై ఒక్క గుంజున విడదీస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2 కె.వి.ఎ. జనరేటరు ఇవ్వగలిగినది తొమ్మిది ఆంపియర్లకు లోపే. ఇంటి మెయిను ఎమ్‌సిబి 32 ఆంపియర్లదైతే, జనరేటరు ఊపిరాడక పొగలు కక్కుతున్నా అది నిద్రలేవదు. ఏనుగుకు పెట్టిన తూకంతో కుందేలును తూచినట్టు. కనక జనరేటరు బలానికి తగిన చిన్న ఎమ్‌సిబి దాని పక్కనే విడిగా ఉండాలి.

మనిషిని కాపాడేది మరొకటి, ఆర్‌సిసిబి. ఎమ్‌సిబి తీగను కాపాడుతుంది గాని మనిషిని కాపాడలేదు. మనిషిని చంపే కరెంటు దాని కంటికి ఆనదు. ఆర్‌సిసిబి లోపల మళ్ళీ ఫారడే కడియమే ఉంది! ఇంట్లోకి వెళ్ళే తీగా, ఇంట్లోంచి వచ్చే తీగా రెండూ ఆ కడియంగుండా పోతవి. వెళ్ళినంతా తిరిగి వస్తూంటే కడియంలో ఏమీ కదలదు. అందులో కొంత ఎవరి ఒంటిగుండానో భూమిలోకి జారితే లెక్క తప్పుతుంది. ఆంపియరులో వెయ్యో వంతులు 30 తేడా వచ్చిందంటే చాలు, రెప్పపాటులో విడదీస్తుంది. అయితే జనరేటరుమీద నడిచేటప్పుడు కూడా అది పనిచెయ్యాలంటే, యంత్రపు న్యూట్రలును, దాని ఇనప ఒంటిని భూమికి కలిపి ఉండాలి. ఎర్తుగుంట లేకుండా జనరేటరు పెట్టి ఆర్‌సిసిబి ఉన్నదిగదా అని ధీమాగా ఉండటం పనికిరాదు. ఆర్‌సిసిబిమీద "టి" అని అక్షరం ఉన్న చిన్న మీట ఉంటుంది. నెలకొకసారి పెద్దవాళ్ళు దాన్ని నొక్కి చూడాలి. టక్కున పడిపోతే బాగున్నట్టు. పడకపోతే మార్పించాలి.

జనరేటరు ఎక్కడ పెట్టాలి? ఇంట్లో కాదు. వసారాలో కాదు. మెట్లకింద కాదు, షట్టరు సగం దించిన దుకాణంలో అసలు కాదు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడు అనే వాయువు ఉంటుంది. రంగులేదు, వాసనలేదు. మన నెత్తురులోని ఎర్రపదార్థం ప్రాణవాయువుకన్న దీన్ని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కనక పీల్చినవారికి ముందు తలనొప్పి, తరవాత మత్తు, ఆ తరవాత లేవలేకపోవటం. వాన పడుతున్నదని యంత్రాన్ని లోపలికి లాగి, తలుపులు వేసుకుని నిద్రపోయినవారు తెల్లవారి లేవని సంఘటనలు ఎన్నో దేశాల్లో జరిగినవి. కిటికీలకూ తలుపులకూ ఇరవై అడుగులైనా దూరంగా, వాన పడకుండా పైన రేకు వేసి, నాలుగువైపులా గాలి ఆడేచోట పెట్టాలి. కాస్త ఎత్తుగా దిమ్మ కట్టాలి. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు నేలమీద ఉన్న యంత్రమేదీ నీళ్ళపాలు కాకుండా ఉండదు. నీట మునిగిన సాకెట్లు, మోటార్లు ఆరినట్టు కనిపించినా, ఎలక్ట్రీషియను చూసేదాకా వెయ్యకూడదు. నడుస్తున్న యంత్రంలో పెట్రోలు పొయ్యరాదు. ఆపి, చల్లారనిచ్చి, అప్పుడు పొయ్యాలి. చీకటిగా ఉన్నదిగదా అని దగ్గర కొవ్వొత్తి పెట్టుకునే మహానుభావులు కూడా ఉంటారు!

కరెంటు తిరిగివచ్చిందని ఎలా తెలుస్తుంది? ఇల్లు జనరేటరుమీద ఉంటే మన దీపాలు చూసి తెలుసుకోలేం. వీధిదీపం చూడాలి. లేదా ఛేంజోవర్ స్విచ్చికి వీధివైపు ఒక చిన్న సూచిక దీపం పెట్టించుకోవాలి. అది వెలిగాక రెండు మూడు నిమిషాలు ఆగండి, వచ్చిన కరెంటు ఒక్కోసారి వెంటనే మళ్ళీ పోతుంది. తరవాత ఫ్రిజ్జు, ఫాన్లు కట్టేసి, పిడిని మధ్యకు తెచ్చి, అక్కణ్ణుంచి వీధివైపుకు తిప్పాలి. జనరేటరును బరువు లేకుండా కాస్సేపు తిరగనిచ్చి ఆపాలి. ముందు దీపాలు, తరవాత ఫాన్లు వెయ్యండి. ఫ్రిజ్జు అన్నిటికన్న ఆఖరున.